నిద్రసూది

విజిట్ వీసా అంటే చూసి రావడానికి ఇచ్చే అనుమతి. కాగితం మీద అలాగే ఉంటుంది. మా కోరుట్ల నుంచి గల్ఫ్‌ను చూసి రావడానికని విమానం ఎక్కిన మగవాణ్ణి ఒక్కణ్ణి నాకు చూపించండి, బీడీల చాట పక్కన పెట్టి లేచి వచ్చి దండం పెడతాను. అందరూ పని వెతుక్కోవడానికే వెళతారు. ఆ సంగతి టికెట్టు అమ్మేవాడికి తెలుసు, వీసా ఇచ్చేవాడికి తెలుసు, అక్కడ నాలుగు రోజులు కూలికి పెట్టుకుని ఐదో రోజు మొహం చాటేసే కాంట్రాక్టరుకు అందరికన్నా బాగా తెలుసు. విజిట్ మీద వచ్చినవాడు నోరెత్తడు కాబట్టి ఇన్నేళ్లూ అందరికీ సుఖంగానే గడిచింది.

తర్వాత అక్కడి విమానాశ్రయాల్లో అద్దం గది వచ్చింది. ఆ పేరు మావాళ్లు పెట్టుకున్నదే. అసలు పేరు ఏదో పొడుగాటిది ఉంది, అది పలకడానికి నాకు మనసొప్పదు.

మా ఆయన రాజలింగం టైల్స్ మేస్త్రీ. ఇక్కడ కొత్త ఇళ్లన్నిటికీ యంత్రాలతో పోసిన నేలలు వచ్చాక ఆయన పని సగానికి సగం పడిపోయింది. అక్కడేమో పాత భవనాల్లో పగిలిన టైల్స్ మార్చడానికి ఇంకా మనిషి చెయ్యే కావాలి. కంపెనీ వీసా రావాలంటే ముందు అక్కడ కనబడి పరీక్షలో నెగ్గాలి. కనబడాలంటే విజిట్ మీద వెళ్లాలి. అందుకని ఏజెంటు కిషన్‌రావు చెప్పినట్టే కొత్త చొక్కా తొడుక్కుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరినో అడిగి తెచ్చుకున్న కెమెరా మెడలో వేలాడేసుకుని బయలుదేరాడు. ఆ వేషం చూసి మా బిడ్డ రిషిక పొట్ట పట్టుకుని నవ్వింది. దానికప్పుడు ఒకటో తరగతి.

అక్కడ దిగగానే పాస్‌పోర్టు చూడకముందే ఆ గదిలో కూర్చోబెట్టారు. మెత్తటి కుర్చీ, తలకు వలలాంటి టోపీ, ఎదురుగా తెర. తెర మీద సముద్రం, ఒంటెలు, రంగురంగుల ఫౌంటెన్లు. వాటి మధ్యలో రెప్పపాటు సేపు ఒక పానా, ఒక చీపురు, ఒక డ్రిల్లు, ఒక తాపీ. ఆయన ముందే విని ఉన్నాడు కాబట్టి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడట. ఆ యంత్రం చేతుల్ని చూడదు. తాపీ పట్టి బతికినవాడికి తాపీ కనబడితే, చెయ్యి కదలకపోయినా మెదడులో చెయ్యి లేస్తుంది. ఎన్నడూ పట్టనివాడు ఊరికే చూస్తాడు. ఆ తేడాను టోపీ పట్టేస్తుంది. ఎర్రదీపం వెలిగింది, దిగిన విమానంలోనే వెనక్కి ఎక్కించారు.

ఆపరేషన్లు చేసే డాక్టరుకు కత్తి బొమ్మ చూపించినా మెదడులో చెయ్యి లేస్తుంది. సితారు వాయించే షావుకారు కొడుక్కి సితారు చూపించినా అంతే. ఆ బొమ్మలు మాత్రం అద్దం గదిలో పెట్టలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తిరిగి వచ్చాక ఆయన కొన్నాళ్లు బజారుకు పోలేదు. దొంగతనం చేసి దొరికినవాడిలా ఇంట్లోనే తిరిగాడు. అప్పుడే కిషన్‌రావు మళ్లీ వచ్చాడు. హైదరాబాదు శివార్లలో ఒక ల్యాబు ఉందని, అక్కడ ఒక సూది ఇస్తారని, అది వేయించుకుని పోయినవాళ్లెవరికీ ఎర్రదీపం వెలగలేదని చెప్పాడు. దాన్ని అందరూ నిద్రసూది అంటున్నారు.

నేనూ వెంట వెళ్లాను. డాక్టరు పేరు హైమవతి. నెరుస్తున్న జుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి. మమ్మల్ని నిలబెట్టి మాట్లాడలేదు, కుర్చీలు వేయించింది. ఆమె చెడ్డదని నేను చెప్పలేను, నా కోపానికి అదొక ఇబ్బంది. వీణ వాయించేవాళ్లకు ఒక్కోసారి వేళ్లు ముడుచుకుపోయే జబ్బు వస్తుందట. తప్పుగా అలవాటైన ఆ కదలికను కొన్నాళ్లు నిద్రపుచ్చితే, అది లేచేసరికి వేళ్లు సర్దుకుంటాయి. ఆమె ఆ మందు చేసింది వాళ్ల కోసం. వీణ వాయించేవాళ్లు ఎంతమంది ఉంటారు? విజిట్ వీసా వాళ్లయితే విమానాల నిండా ఉన్నారు. ల్యాబు యజమానులకు ఆ సంగతి తట్టడానికి ఎంతోసేపు పట్టి ఉండదు.

నన్ను బయట వసారాలో కూర్చోబెట్టారు. మధ్యలో అద్దం ఉంది, లోపలి మాటలు గోడకున్న డబ్బాలోంచి వినబడుతున్నాయి. మా ఆయనకు టోపీ పెట్టి, ముందు ఇసుకా సిమెంటూ కలిపిన మాలు, ఒక టైలు, తాపీ పెట్టారు. ఆయన మాలు పరిచి టైలు కూర్చోబెట్టి, మూలల మీద రబ్బరు సుత్తితో తట్టాడు. డాక్టరు ముందున్న తెర మీద ఒక సన్నటి దారి పచ్చగా వెలిగింది. ఆమె దాని మీద వేలు పెట్టి గుర్తు వేసింది. సూదిలోని మందు గుర్తు వేసిన దారిలోకే పోతుందని, ఆ దారి మూతపడి ఆయన అక్కడ దిగిన కొద్ది రోజులకు దానంతట అదే తెరుచుకుంటుందని చెప్పింది. అప్పటికి అద్దం గది దాటి ఉంటాడు, మళ్లీ మేస్త్రీ అయిపోతాడు.

తర్వాత ఆమె, ఆ గదిలో చాలా వస్తువులు చూపిస్తారు కాబట్టి తాపీ ఒక్కటే సరిపోదని, ఇంకా ఏ పనులు వచ్చో చెప్పమని అడిగింది.

"అన్ని పనులస్తయి మేడం," అన్నాడు మా ఆయన.

మా దగ్గర గల్ఫ్‌కు పోయేవాడికి మీసాలు రాకముందే ఈ పాఠం నేర్పుతారు. కోటు వేసుకున్న మనిషి ఏం అడిగినా రాదు అనకూడదు. ప్లంబింగ్ వచ్చా అంటే వచ్చు. వంట వచ్చా అంటే వచ్చు. ఒంటెలు కాస్తావా అంటే కాస్తా. తలుపు సందులోంచి చూసే అవకాశం దొరికినప్పుడు సందులో కాలు పెట్టాలి, మిగతాది లోపలికి పోయాక చూసుకోవచ్చు. ఏజెంట్ల ఇళ్ల ముందు కుర్రాళ్లను వరసగా కూర్చోబెట్టి ఇది వల్లె వేయిస్తారు. మా మామ మా ఆయనకు నేర్పాడు, మా ఆయన తన తమ్ముళ్లకు నేర్పాడు. ఆ గది ఉద్యోగమిచ్చే గది కాదని, అక్కడ ఎంత తక్కువ చెబితే అంత మంచిదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తెల్లకోటు కనబడింది, చిన్నప్పటి పాఠం నోటికొచ్చింది.

ఒక్కొక్కటే చేసి చూపించాడు. పైపు బిగించాడు, గోడకు బ్రష్షు వేశాడు, చెక్క కోశాడు, వైరు తీశాడు. ల్యాబులో వస్తువులు అయిపోయాక ఉత్త చేతులతో చూపించడం మొదలుపెట్టాడు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, అంచులు మడిచి గాలిలో బీడీ చుట్టాడు. బర్రె పాలు పిండాడు. పిల్లకు అన్నం కలిపి ముద్దలు పెట్టాడు, చొక్కా గుండీలు పెట్టాడు. చివరికి నేల తుడిచే కర్రకున్న దారాలు పట్టుకుని మూడు పాయలు తీసి రిషికకు వేసినట్టే జడ వేశాడు. లోపలున్న నర్సులు నవ్వారు. వసారాలో నేనూ నవ్వాను, ఆయన్ని చూసి గర్వపడ్డాను. ప్రతిసారీ ఒక దారి వెలిగింది. ప్రతిసారీ డాక్టరు ఒక గుర్తు వేసింది. చివరకు ఆ తెర గుర్తులతో నిండిపోయింది.

ఈసారి అద్దం గదిలో దీపం పచ్చగా వెలిగింది. సముద్రాన్నీ తాపీనీ ఒకేలా చూశాడట. అసలైన టూరిస్టంటే ఇతనే అనుకున్నారేమో, స్టాంపు వేసినవాడు నవ్వి స్వాగతం కూడా చెప్పాడట.

మొదట్లో రోజూ ఫోను చేసేవాడు. గది దొరికిందని, మెట్‌పల్లి ఖాజా అనే అతను తోడున్నాడని, రేపో మాపో కంపెనీలో పరీక్ష ఉందని చెప్పేవాడు. తర్వాత బాగున్నానని మాత్రమే చెప్పేవాడు. రిషిక వీడియోలో చూపించమంటే కెమెరా చెడిపోయిందనేవాడు. నాకు అనుమానం వచ్చి గట్టిగా అడిగితే ఫోను పెట్టేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"వదినె, నేను ఖాజాను. రాజన్న నీకు అబద్ధం చెప్తుండు. కంపెనీల టైలు చేతికిస్తే అన్న దాన్ని అటుజూసి ఇటుజూసి కిందవెట్టి నిలవడ్డడు. నవ్విండ్రు ఆడ. చేతులకు ఏ పని యాదికొస్తలేదు వదినె. అన్నం గూడ కలుపరాదు, నేనే తినిపిస్తున్న."

నా ముందున్న చాట నెట్టేశాను. ఖాజా దేవుడిలాంటి మనిషి. తన పని మానుకుని మా ఆయన్ని సంకలో బిడ్డలా చూసుకున్నాడు. వీసా గడువు తీరేలోపు విమానం ఎక్కించింది కూడా అతనే.

మా ఆయన చేతులకు జబ్బేమీ లేదు. బరువు ఎత్తుతాయి, దోమను కొడతాయి, దురద పెడితే గోక్కుంటాయి. పని మాత్రం తెలియదు. వచ్చిన మర్నాడు బడికి టైమవుతోందని రిషిక ఎప్పటిలాగే దువ్వెన తెచ్చి ఆయన మోకాళ్ల మధ్య వెనక్కి తిరిగి కూర్చుంది. ఆయన ఆ జుట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాన్నేం చేయాలో తెలియక అలాగే పట్టుకుని ఉండిపోయాడు. పిల్ల కాసేపు ఆగి, "జల్ది బాపూ," అంది. నేను దువ్వెన లాక్కుని జడ వేశాను. ఆయన లేచి దొడ్లోకి పోయాడు. అక్కడ ఏడ్చాడని నాకు తెలుసు. ఏడవడం ఆ సూదిలో లేదు కదా.

ఆ వారమే మళ్లీ హైదరాబాదు వెళ్లాం. మేం చెప్పకుండానే కిషన్‌రావు అక్కడ ఎదురుపడ్డాడు. డాక్టరు హైమవతి ఆయనకు టోపీ పెట్టి, చేతికి ఒకటొకటే ఇచ్చి చూసింది. తెర నల్లగానే ఉంది. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను.

మూతపడిన దారి పక్కనున్న తెరిచిన దారుల ఒరిపిడితోనే మళ్లీ తెరుచుకుంటుందట. వీణ నిద్రపోతే రాత, వంట, కుట్టు, ఏదో ఒకటి మెలకువగా ఉండి దాన్ని లేపుతుంది. ఈయనలో లేపడానికి ఏదీ మెలకువగా లేదు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు అన్నీ వచ్చని చెప్పినా, చేసి చూపించేది ఒకటో రెండో పనులేనట. ఇన్ని వచ్చిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదట. వీణకు ఒక్క చెయ్యే చాలు, మాకు బతకడానికి ఇరవై చేతులు కావాలని ఆమెకు ఏ చదువులో చెబుతారు?

"ఆయన అవన్నీ ఎందుకు చూపించాడమ్మా?" అంది డాక్టరు. "జడలు వేయడం, పాలు పిండడం ఆ గదిలో ఎవరడుగుతారు? నాకు చెప్పాల్సిన పని లేదు కదా."

"నువ్వు కోటేసుకున్నవ్ గద మేడం," అన్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ కిషన్‌రావు ముందుకొచ్చాడు. దిగులు పడొద్దని, దీనికి విరుగుడు ఉందని, అది మనకు మేలే చేస్తుందని మొదలుపెట్టాడు. డాక్టరు అతన్ని ఆపి తనే చెప్పింది. మూసిన దారిని బలవంతంగా తెరిచే మందు ఒకటి ఉంది. నెలకొకసారి వేయించుకోవాలి, మానేస్తే మళ్లీ మూతపడుతుంది. ఆ మందు మొత్తం అక్కడి ఒక కాంట్రాక్టు కంపెనీ కొనేసింది. మా ఆయన ఒప్పుకుంటే ఆ కంపెనీ అసలైన ఉద్యోగం వీసా ఇస్తుంది, సూది వాళ్ల క్యాంపులోనే వేస్తారు, టైల్స్ దారి తెరుస్తారు. అక్కడున్నంత కాలం ఆయన మేస్త్రీ. క్యాంపు వదిలి వేరే కంపెనీకి పోయినా, సెలవు మీద ఇంటికొచ్చినా, నెల తిరిగేసరికి చేతులు నిద్రపోతాయి.

నాకు అర్థమైంది. ఎప్పుడో మా నాయన కాలంలో కూలీ పారిపోకుండా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లట. ఇప్పుడు ఆ బీరువా కూడా అక్కర్లేదు, చేతులకే తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంటే సరి. ఇంత తెలివి ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వాడి బుర్రకు ఏ సూదీ వేయరు.

అయినా నేను నోరు మూసుకున్నాను. అంతకుముందు రోజే ఆయన కలిపిన అన్నం కంచం చుట్టూ పడితే, దాన్ని ఏరుకోవడానికి వంగి, అదీ చేతకాక కూర్చున్న మనిషిని చూశాను. ఒక్క పనైనా తిరిగి వస్తుందంటే వద్దనే హక్కు నాకెక్కడిది? చేతులు ఆయనవి, మాట కూడా ఆయన్నే అననివ్వాలి అనుకున్నాను.

మా ఆయన తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత డాక్టరును అడిగాడు.

"బిడ్డకు జడేసుడు గూడ తెరుసుకుంటదా మేడం?"

"కంపెనీకి జడలతోటి ఏం పని రాజన్నా?" అన్నాడు కిషన్‌రావు నవ్వుతూ.

డాక్టరు నవ్వలేదు. కంపెనీ టైల్స్ దారికి తప్ప మిగిలిన దేనికీ ఒప్పుకోలేదని చెప్పింది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఒక దారిని బలవంతంగా తెరిచి ఉంచితే, మిగిలిన వాటిని కొత్తగా నేర్చుకున్నా నిలవవు. సూది వద్దనుకుంటే చిన్నపిల్లలు నేర్చుకున్నట్టు అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అలా నేర్చుకుంటే రావచ్చు. ఎన్నేళ్లు పడుతుందో, ఎంత వరకు వస్తుందో ఆమె చెప్పలేదు, ఎందుకంటే ఆమెకూ తెలియదు.

మా ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి లేచాడు. "పా గంగామణీ, పోదాం," అన్నాడు.

కిషన్‌రావు చేయి పట్టుకుని ఆపబోయాడు. దొరకక దొరకక దొరికిన ఉద్యోగం వీసా అని, ఇట్లాంటి ఛాన్సు కాలితో తన్నుకునేవాణ్ణి ఇక్కడే చూస్తున్నానని, ఆడవాళ్ల మాట వింటే ఇంతేనని అరిచాడు. నేనింకా ఒక్క మాటా మాట్లాడనే లేదు. అప్పుడు మాట్లాడాను. వసారాలో కూర్చున్నవాళ్లందరూ లేచి నిలబడేలా మాట్లాడాను. అవన్నీ ఇక్కడ రాయలేను, కొన్ని మాటలు అచ్చులో బాగుండవు. ఒక్కటి రాస్తాను.

"చూసొచ్చెటందుకు పొమ్మని కాయితమిచ్చిండ్రు. పోయి చూసిండు. ఆయన చేతులు మీరేం జేసిండ్రో ఇగ మేం జూస్తున్నం. మళ్ల మా గడప తొక్కినవంటే నీ చేతులు పనిజెయ్యకుంట నేను జేస్త, నాకు సూది గూడ అక్కెర లేదు."

డాక్టరు హైమవతి గేటు దాకా వచ్చింది. ఇకమీదట ఒక్క పనికి మించి ఎవరికీ గుర్తు వేయనని చెప్పింది. అసలు ఆ సూది మానేస్తానని మాత్రం చెప్పలేదు. నేను ఆమె ముఖం చూడకుండా ఆటో ఎక్కాను. బయట చెట్టు నీడలో నిర్మల్ నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు కొత్త చొక్కాలు వేసుకుని తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఆటో ఆపించి, లోపల ఒక్క పని తప్ప ఏమీ రాదని చెప్పుకోమని వాళ్లకు అరిచి చెప్పాను. వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే బడి మొదలవుతుంది. బీడీలు నేను నేర్పుతాను. తునికాకు ఆయన చేతిలో చిరిగిపోతుంది, తంబాకు ఒళ్లంతా రాలుతుంది. ఆకులు దండగవుతున్నాయని నాకు విసుగొస్తుంది, విసుగు దాచుకోవడం నాకు రాదు, గట్టిగానే అరుస్తాను. ఆయన ఇంకో ఆకు తీసుకుంటాడు. అన్నం ఇప్పుడు తనే కలుపుకుంటున్నాడు. జడ విషయంలో రిషికకు నాకన్నా ఓపిక ఎక్కువ. మూడు పాయల్లో ఏది ఎప్పుడు దాటాలో ఆయనకు ఇంకా తెలియదు. ఆయన వేసిన జడ బడి గేటు దాకా నిలవదు. అయినా పిల్ల ఆ జడతోనే పోతుంది, దారిలో ఎవరైనా నవ్వితే వాళ్లతో కొట్లాడి వస్తుంది. ఆ కోపం నా పోలికే.

ఒకప్పుడు ఆయన వేసిన నేల మీద గోళీ పెడితే పెట్టిన చోటే ఉండేది. మొన్న జాలారి దగ్గర, గిన్నెలు తోమే చోట, తన చేత్తో మళ్లీ ఒక టైలు వేశాడు. సూది పడిన తర్వాత అదే మొదటిది. పొద్దంతా పట్టింది. మాలు ఒకసారి పలచనైంది, ఒకసారి గట్టిపడిపోయింది. చివరికి కూర్చోబెట్టాడు గానీ ఒక మూల లేచి ఉంది. దూరం నుంచి చూసి ఆయనే సిగ్గుపడి, తీసేస్తానన్నాడు. ఆ టైలు మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాను.

గిన్నెలు పట్టుకుని పోయిన ప్రతిసారీ ఆ మూల నా బొటనవేలికి తగులుతుంది. తగిలిన ప్రతిసారీ నోటికొచ్చినట్టు తిడతాను. మొదట్లో తననే తిడుతున్నాననుకుని ఆయన ముఖం చిన్నబుచ్చుకునేవాడు. ఇప్పుడు తెలుసుకున్నాడు. కిషన్‌రావుతో మొదలుపెట్టి, టికెట్టు అమ్మినవాడిని, స్టాంపు వేసి నవ్వినవాడిని, క్యాంపు నడిపేవాడిని, ఆ గదిలో బొమ్మలు పెట్టినవాడిని వరసగా తిట్టుకుంటూ పోతాను. మధ్యలో నేను ఎవరినైనా మరిచిపోతే, ఆయన బీడీ చుట్టడం ఆపి వాళ్ల పేరు అందిస్తాడు.